మీటరు చెప్పిన మాట

కిలోమీటర్లు తగ్గాయి, డీజిల్ తగ్గలేదు. ట్రావెల్స్ నడిపేవాళ్లకి ఈ రెండు ముక్కలు చాలు, డ్రైవరు దొంగ అని తేల్చెయ్యడానికి. ఎలమంచిలిలో ఓ కారు ఓనరు గారూ అలాగే తేల్చేశారు.

ఆయన కారు అచ్యుతాపురం సెజ్‌లో ఓ కంపెనీకి తిరుగుతుంది. బిల్లు కిలోమీటర్ల లెక్కన. నెలకి అటూ ఇటుగా 4,000 కిలోమీటర్లు, లీటరుకి 22 మైలేజీ. ఏడాదిగా ఇదే వరస. అలాంటిది ఓ నెల మీటరు మీద 3,700 దాటలేదు. ట్రిప్పులేమీ తగ్గలేదు. డీజిల్ మాత్రం ఎప్పటికన్నా నాలుగైదు లీటర్లు ఎక్కువే పట్టింది. మైలేజీ లెక్కేస్తే 20 కూడా నిండలేదు.

డ్రైవరు పాతికేళ్లు నిండని కుర్రాడు. పిలిచి అడిగితే దాచుకోకుండా చెప్పాడు: "నానూ సూత్తన్నాను సార్. విశాఖ స్టేషన్‌లో గెస్టుల్ని దించి వత్తే ముందు నూట ముప్పై సూపించేది. ఇప్పుడు నూట ఇరవయ్యే సూపిత్తంది."

తన మీద అనుమానం ఉందని తెలిసినవాడు ఈ మాట పైకి అనడు. అయినా ఓనరు గారికి అది నేరం ఒప్పుకున్నట్టే వినబడింది. సెన్సారు వైరు పీకి సొంత కిరాయిలు తోలుతున్నాడని నిశ్చయించుకుని, సగం నెల జీతం ఆపి పంపేశారు. ఆ కుర్రాడు అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే పనికి చేరాడు. మా ప్రాంతంలో డ్రైవర్ల మీద డీజిల్ దొంగతనం అంటగట్టడం ఎంత తేలికో చూస్తూనే ఉన్నాను. సాక్ష్యం ఎవరూ అడగరు. ఆ పేరు పడ్డాక మరో ఓనరు తాళాలివ్వడు.

తర్వాతి నెల స్టీరింగు ఆయనే పట్టారు. మైలేజీ మారలేదు. అప్పుడైనా అనుమానం తన మీదికి తిరగాలి కదా! తిరగలేదు. "వెళ్తూ వెళ్తూ ఇంజిన్లో ఏదో చేసిపోయాడు" అంటూ కారుని హైవే పక్కన మా మేస్త్రి షెడ్డుకి తెచ్చారు. నేను అక్కడే ఉన్నాను.

మైలేజీ హఠాత్తుగా పడిపోయిందంటే పెట్రోలు కార్ల వాళ్లకి ఈమధ్య చెప్పుకోవడానికి ఓ కారణం ఉంది. 2025 నాటికి దేశమంతటా పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలపడం వచ్చేసింది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్లో ఉండేదానిలో దాదాపు మూడింట రెండు వంతులే. దానికి తగ్గట్టు తయారవని కార్లలో ఆరేడు శాతం దాకా మైలేజీ తగ్గుతుందని నీతి ఆయోగ్ 2021 నివేదికే చెప్పింది. ఇది డీజిల్ బండి. ఆ దారి మూసుకుపోయింది.

మేస్త్రి ఏ పనైనా చౌకైన దాంతో మొదలుపెడతాడు. ముందు టైర్లలో గాలి చూశాడు. సరిగ్గానే ఉంది. ఎయిర్ ఫిల్టరు తీసి వెలుగుకి ఎత్తి పట్టాడు. శుభ్రం. డీజిల్ లైను పొడుగునా వేలితో తడిమి వాసన చూశాడు. ఎక్కడా చెమ్మ లేదు. టర్బో గొట్టం చిరిగితే నల్లపొగ వస్తుంది, అదీ రావడం లేదు. తర్వాత ఓనరు గారిని పక్కన కూర్చోబెట్టుకుని, నన్ను వెనక సీట్లో వేసుకుని కశింకోట వైపు బండి తీశాడు. గేర్లో ఉండగా గట్టిగా తొక్కి చూశాడు. ఇంజిన్ మోత పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్చి జారుతున్నట్టు. జారడం లేదు. వేడి ముల్లు పైకొచ్చి నిలబడాల్సిన చోటే నిలబడింది. థర్మోస్టాటు తెరుచుకుని ఉండిపోతే అలా రాదు, ఇంజిన్ చలికాలపు ఉదయంలాగే నడుస్తూ డీజిల్ ఎక్కువ తాగుతుంది. ఓ పక్కన ఆపి నాలుగు చక్రాల రిమ్ముల దగ్గరా చెయ్యి పెట్టాడు. బ్రేకు పట్టేసి ఉంటే ఆ చక్రం మిగతావాటికంటే బాగా వేడెక్కుతుంది. నాలుగూ ఒకేలా ఉన్నాయి.

"ఇంజినికి ఏటీ కాలేదు బాబూ," అన్నాడు. "ఇక మీటరే."

జాతీయ రహదారి 16 పక్కన కిలోమీటరు రాళ్లుంటాయి. ఓ రాయి దగ్గర ట్రిప్ మీటరు సున్నా చేసి, పదో రాయి దాకా తోలాడు. మీటరు మీద సరిగ్గా పది.

"చూశావా, మీటరు కరెక్టే. దొంగతనం వాడిదే," అన్నారు ఓనరు గారు.

మేస్త్రి ఆ మాటకి జవాబు చెప్పకుండా తాపీగా అడిగాడు: "మీటరు ఇప్పుడు కరెక్టు బాబూ. ముందు కరెక్టా?"

నేనింతవరకు చూసిన మెకానిక్కుల్లో ఈ ప్రశ్న వేసినవాడు ఇతనొక్కడే. పడిపోయింది ఎందుకని అందరూ వెతుకుతారు. ముందున్న లెక్క నిజమో కాదో ఎవరూ చూడరు.

షెడ్డుకి తిరిగొచ్చాక మేస్త్రి అడిగింది ఒక్కటే: మైలేజీ పడిపోయే ముందు బండికి ఏం చేయించారు? టైర్లు మార్పించామన్నారు ఓనరు గారు. డబ్బిచ్చి కుర్రాణ్ణే అనకాపల్లి పంపారు. వాడు డ్రైవరు డోరు దగ్గర కంపెనీ అంటించిన స్టిక్కరు చదివి, అందులో ఉన్న సైజే వేయించుకొచ్చాడు. అవి కాస్త ఖరీదైనవని ఆరోజు చీవాట్లు కూడా తిన్నాడు. పాత టైర్లు అమ్మి పెట్టమని అప్పుడే ఈ షెడ్డులో పడేశారు.

మేస్త్రి వాటిలో ఒకదాన్ని దొర్లించుకొచ్చాడు. దాని మీద 165/70 ఆర్ 14 అని ఉంది. కారుకున్న కొత్త టైరు మీద 165/80 ఆర్ 14. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది పక్కగోడ ఎత్తు, వెడల్పులో ఎంత శాతమో. పాతదాని గోడ ఎత్తు 115 మిల్లీమీటర్ల చిల్లర, కొత్తదానిది 132. పైగా పాతది బాగా అరిగిపోయింది. కిందటేడు తక్కువలో వస్తున్నాయని ఆ చిన్న సైజు వేయించింది ఓనరు గారే. అందులో మోసపు ఆలోచనేమీ లేదు, ధర చూశారంతే.

మేస్త్రి టేపు తెచ్చి చుట్టూ కొలిచాడు. పాత టైరు 180 సెంటీమీటర్లు. కారుకి జాకీ వేసి కొత్తదాన్ని కొలిస్తే 194. మీటరుకి రోడ్డు తెలియదు, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో తెలుస్తుంది. చుట్టుకి ఇంత దూరమని కంపెనీ ముందే లెక్క కట్టి పెట్టింది. చిన్న చక్రం అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది. వంద కిలోమీటర్లు నడిస్తే మీటరు 108 దగ్గర చూపిస్తుంది. స్పీడూ అంతే, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

నేను కాగితం మీద వేసి చూపించాను. ఆ 22 మైలేజీ ఎన్నడూ నిజం కాదు, అసలుది 20కి కాస్త పైన. మిగిలిన ఆ చిన్న తేడా కొత్త టైర్ల బరువైన నడకది. నెలకి 4,000 అని బిల్లు వేసిన రోజుల్లో బండి నడిచింది 3,700.

"అంటే నెలకి మూడొందల కిలోమీటర్లు తెలీకుండానే బిల్లులోకి ఎక్కీసీవి బాబూ," అన్నాడు మేస్త్రి. "ఆ గుంటడు ఏటీ సెయ్యనేదు. కరెక్టు టైర్లు ఏయించినాడు. అదే ఆడు సేసిన తప్పు."

ఓనరు గారి ముఖంలో రంగు మారింది. కాగితం చేతిలోకి తీసుకున్నారు. "నెలకి మూడొందలా?" అన్నారు. కాసేపాగి మళ్లీ, "ఏడాదంతానా?" అన్నారు.

"ఆ కుర్రాడికి ఓసారి ఫోన్ చెయ్యండి," అన్నాను ఉండబట్టలేక.

వెంటనే చేశారు. మా ఎదుటే, స్పీకరు పెట్టి.

"ఒరే నాన్నా, నేనురా. మేస్త్రి అంతా తేల్చాడు. నీ తప్పేం లేదు, తప్పంతా నాదే. మనసులో పెట్టుకోకు. ఆపిన జీతం రేపు వచ్చి పట్టుకెళ్లు, రేపట్నుంచే డ్యూటీకి వచ్చెయ్."

అవతల కుర్రాడి గొంతు పూడుకుపోయింది. "అలాగే సార్" అన్నది మాత్రం వినబడింది. మేస్త్రి చేతులు తుడుచుకుంటూ నా వైపు చూసి నవ్వాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది.

"అన్నట్టు, అనకాపల్లిలోనే ఉన్నావు కదా," అన్నారు ఓనరు గారు. "వస్తూ వస్తూ ఆ టైర్ల షాపులో దిగు. పాత సైజువి, ఆ డెబ్బైవి, నాలుగు కొత్తవి పట్టుకొచ్చెయ్."