ఓడి, ఓడెక్కి: కప్పు ఫైనల్ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: గంజాం జిల్లాలో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గర్లో, బోర్డుల మీద ఒడియా, నోళ్లలో తెలుగు ఉండే మత్స్యకారుల ఊరు రామయ్యపట్నం. అక్కడి ఇసుకలో జరిగే నాకౌట్ కప్పు ఫైనలును భావించి చెప్పిన పద్యమిది. మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు. ఇక్కడ మూలకర్తా టీకాకారుడూ ఒక్కరే కాబట్టి ఆ ఒట్టుతో పనిలేదు.

మూలం:

ఓడినట్టి వారె యోడెక్కి పోదురు
గెలిచినట్టి వారి కెదురు లేదు
సంద్ర మొక్క వైపు సరిహద్దు గీతగా
నిసుకతిన్నె మీద నిట్టి యాట

ఛందస్సు: ఆటవెలది. ఆట గురించిన పద్యం మరో ఛందస్సులో ఎలా ఉంటుంది? సీసం ఎత్తుకున్నా చివరికి ఆటవెలదికో తేటగీతికో దిగవలసిందే, ఎక్స్‌ట్రా టైము ముగిశాక టైబ్రేకరుకు దిగినట్టు.

ప్రతిపదార్థం: ఓడినట్టి వారె = ఒక్క గోలు తేడాతోనైనా సరే, ఓడినవారే; ఓడ = ఓడను; ఎక్కి = అధిరోహించి; పోదురు = వెళ్లిపోతారు; గెలిచినట్టి వారికి = కప్పు ఎత్తినవారికి; ఎదురు = ఎదుట నిలిచే జట్టు; లేదు = మిగల్లేదు; సంద్రము = సముద్రం (వల లాగేవాడికి అంత పెద్ద మాట అనే తీరిక లేదు); ఒక్క వైపు = తూర్పు దిక్కున; సరిహద్దు గీతగాన్ = టచ్‌లైనుగా; ఇసుకతిన్నె మీదన్ = ఇసుక గ్రౌండులో; ఇట్టి = ఈ విధమైన; ఆట = ఫుట్‌బాల్. ‘జరుగును’ అని అధ్యాహారం.

తాత్పర్యం: సముద్రమే ఒక గీతగా ఇసుకలో ఆడే ఆటలో ఓడినవాళ్లు మర్నాడు వేటకు పోతారు, గెలిచినవాళ్లకు ఆడటానికి ఎవరూ మిగలరు.

విశేషాలు:

1. ‘ఓడెక్కి’. శంక: ఓడలు ఆగేది గోపాల్‌పూర్ రేవులో కదా, రామయ్యపట్నంలో ఓడ ఎక్కడిది? సమాధానం: ‘ఓడి’ పక్కన ‘బోటు’ వినసొంపుగా ఉండదు. కవులకు ఇంతకంటే పెద్ద అబద్ధాలకే అనుమతి ఉంది. మరో శంక: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేటకు నిషేధం. కుర్రాళ్లు ఖాళీగా దొరికేది అప్పుడే, కప్పు పెట్టేదీ అప్పుడే. మరి ఓడినవాడు ఏది ఎక్కుతాడు? సమాధానం: మోటారు లేని తెప్పకు నిషేధం వర్తించదు. కాబట్టి ఇక్కడ ఓడ అంటే తెప్పే అని సిద్ధాంతం.

2. ‘ఎదురు లేదు’. ఇది పొగడ్త కాదు, లెక్క. పదహారు జట్లుంటే 15 మ్యాచులు, మ్యాచుకొక జట్టు ఇంటికి, చివర ఓడనిది ఒక్కటే. ఇంగ్లండులో 1871లో మొదలైన ఎఫ్.ఏ. కప్పుది ఇదే లెక్క, 1888లో సిమ్లాలో మొదలైన డ్యూరాండ్ కప్పుదీ మొదట్లో ఇదే లెక్క. లీగులో ఓడినవాడికి వచ్చే వారం ఉంటుంది, నాకౌట్‌లో వచ్చే ఏడాదే ఉంటుంది. సమానంగా ఆడితే? 1968 యూరో సెమీఫైనల్లో ఇటలీ, సోవియట్ యూనియన్‌ల మధ్య బొమ్మా బొరుసూ వేసి తేల్చారు. ఇలాంటి సిగ్గు పోవడానికి 1970లో పెనాల్టీల టైబ్రేకరును నియమాల్లో చేర్చారు. గోలుకూ పెనాల్టీ చుక్కకూ మధ్య 11 మీటర్లుండాలి. ఇసుకలో ఆ దూరాన్ని అడుగులేసి కొలుస్తారు. గోల్‌కీపరు తాలూకు మనిషివి అంగలు, కొట్టేవాడి తాలూకు మనిషివి చీమ నడకలు.

3. పద్యంలో బూట్ల ఊసు లేదు. ఇది లోపం కాదు. 1911 జూలై 29న కలకత్తాలో ఐ.ఎఫ్.ఏ. షీల్డు ఫైనల్లో ఈస్ట్ యార్క్‌షైర్ రెజిమెంటును 2–1తో ఓడించిన మోహన్ బగాన్ జట్టులో బూట్లున్నది ఒక్కరికే. కాబట్టి వట్టికాళ్లు పేదరికం కాదు, సంప్రదాయం.

4. ‘సరిహద్దు గీతగా’. బంతి మొత్తం గీత దాటితేనే అవుటని నియమం. గీతే బంతిని దాటి వస్తే ఏమిటన్నది నియమాల్లో లేదు. పూర్వపక్షం: అల తాకిన బంతి అవుటు. సిద్ధాంతం: అల బంతిని తిరిగి ఇసుకలోకి నెట్టింది కాబట్టి, థ్రో అలే వేసేసింది, ఆట సాగాలి. ఈ వాదం తేలేలోపు పోటు పెరిగి, మొదటి సగంలో వింగరు పరుగెత్తిన చోట పీత పరుగెడుతుంది.

పోటు మర్నాటికి వెనక్కి పోతుంది. తీరపు కోత పోదు. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను ఒక్క రాత్రి వచ్చి వెళ్లింది. కోత మాత్రం విజిల్ వినకుండా ఆడుతూ, రామయ్యపట్నం ఇళ్ల గోడల దాకా వచ్చి వాటిని పడగొట్టింది. ‘గెలిచినవారికి ఎదురు లేదు’ అన్న కవి, ఆ మాట చల్లారకముందే, మూడో పాదాన్ని ‘సంద్రం’తో ఎందుకు ఎత్తుకున్నాడో ఇప్పుడు తెలుస్తుంది. ఎదురు ఉంది. ఎదురుగానే ఉంది.

ఫలశ్రుతి: ఈ టీకా చదివినవారికి కప్పు రాదు. వచ్చే ఏడు గోలు కర్రలు ఇంకాస్త ఊరివైపు పాతాలన్న జ్ఞానం మాత్రం కలుగుతుంది.