ఎలుగుబంటి సిలబస్

సియాటిల్ పక్కనున్న ఇసాక్వా, సమామిష్ ఊళ్లకు కాపురం మార్చే తెలుగు కుటుంబానికి వీసా, సామాన్ల తరవాతి బెంగ ఎలుగుబంటి. అక్కడి పెరళ్లలోకి నల్ల ఎలుగులు వచ్చిపోవడం మామూలే. ఈ కబురు చుట్టాల చెవిన పడిందంటే సలహాలు మొదలు. విమానం ఎక్కేదాకా ఆగవు.

వాటన్నిటికీ ఆధారగ్రంథం ఒక్కటే: చిన్నప్పటి ఇద్దరు స్నేహితుల కథ. ఒకడు చెట్టెక్కుతాడు. రెండోవాడు ఊపిరి బిగబట్టి పడుకుంటాడు. ఎలుగు వాసన చూసి వెళ్లిపోతుంది. తెలుగువాళ్ల ఎలుగు శాస్త్రం అక్కడితో సమాప్తం. నిజానికి నల్ల ఎలుగు చెట్టెక్కడంలో మనిషికి అందనంత నేర్పరి. అది మీద పడితే పడుకోవద్దు, చేతికందినదానితో తిరగబడమని అక్కడి అధికారులు చెబుతారు. చచ్చినట్టు పడుకోవడం పనికొచ్చేది పిల్లల్ని కాచుకోవడానికి మీదికొచ్చిన గ్రిజ్లీ అనే మరో రకం ఎలుగు దగ్గర. అంటే ఆ కథలో ఇద్దరూ ఫెయిలే. నీతి ఒక్కటే పాసైంది.

పోనీ, రంగు చూసి పోల్చుకుందామన్నా కుదరదు. నల్ల ఎలుగుల్లో గోధుమరంగువీ ఉంటాయి. గ్రిజ్లీకి భుజాల మీద మూపురం, చిన్న గుండ్రటి చెవులు ఉంటాయి. ఎదురుగా నిలబడ్డప్పుడు అవన్నీ తీరిగ్గా చూసి తేల్చుకోవాలి. పరుగెత్తకుండా.

ఇక ఎలుగు మీద కొట్టే మిరప స్ప్రే. అందులో ఉండేది మిరపకాయకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్, దాని దగ్గరి పదార్థాలు, అంతా కలిపి 1 నుంచి 2 శాతం. ఈ సంగతి తెలిశాక గుంటూరు చుట్టాలను పట్టడం కష్టం. అంత డబ్బు పోసి సీసా ఎందుకు, మిర్చి యార్డు సరుకు నాలుగు కేజీలు దంపించి పట్టుకెళ్లమంటారు. గుప్పెడు కారం విసిరితే మూడడుగులు దాటదు, విసిరినవాడే తుమ్ముతాడు. స్ప్రే పాతికడుగుల దాకా పోతుంది, అదీ కొన్ని సెకన్లే. ఎదురుగాలి వీస్తే ఎలుగు వాటా కూడా కొట్టినవాడికే. దోమల మందనుకుని ఒంటికి, గుడారానికి కొట్టుకునే ప్రబుద్ధులూ ఉన్నారు. ఆరిన మిరపరసం వాసన ఎలుగును తరమదు, పిలుస్తుంది. మనిషి తనకు తానే మసాలా పట్టించుకుని కూర్చున్నట్టు. ఈ సీసాను విమానంలో చేతిసంచిలో గానీ, చెక్-ఇన్ పెట్టెలో గానీ తీసుకెళ్లనివ్వరు. దిగాకే కొనుక్కోవాలి.

అసలు ఏర్పాటు చప్పనిది కాబట్టి ఏ చుట్టమూ చెప్పడు: చెత్త డబ్బా. ఎలుగు వచ్చేది మనుషుల కోసం కాదు, డబ్బాలోని తిండి కోసం, పిట్టలకు కట్టిన గింజల కోసం, బార్బిక్యూకి అంటిన కొవ్వు కోసం. ఇళ్లు వెళ్లి అడవిలో కూర్చున్నాక ఎలుగు గడప తొక్కిందని గగ్గోలెందుకో. చెత్త రుచి మరిగి, మనుషులంటే బెదురు పోయిన ఎలుగును చాలాసార్లు చంపేస్తారు. వాషింగ్టన్ రాష్ట్రంలో నల్ల ఎలుగు చేతిలో మనిషి చనిపోయినట్టు నమోదైంది ఒక్కసారే, 1974లో.

మన దగ్గరా, శ్రీకాకుళం ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటల్లోకి గుడ్డెలుగులు వస్తూనే ఉంటాయి. 2022 జూన్‌లో కిడిసింగిలో ఒకరి ప్రాణం పోయింది, మరికొందరు గాయపడ్డారు. పట్టుకున్న ఎలుగూ బతకలేదు. ఉద్దానం వెళ్తున్నామంటే మాత్రం ఏ చుట్టమూ సలహా చెప్పడు.

ఇసాక్వా వెళ్లేవారు చెత్తబండి వచ్చే రోజు పొద్దున్నే డబ్బా బయట పెట్టండి. ముందురోజు రాత్రే పెట్టకండి.