రెండు మిల్లీలీటర్లు, రెండు టీఎంసీలు

చెయ్యేరు వరదకు తెగిపోయిన అన్నమయ్య ప్రాజెక్టు ఐదు గేట్లలో ఒకటి లేవలేదని అప్పటి కేంద్ర జలశక్తి మంత్రి షెకావత్ 2021 డిసెంబరు 2న రాజ్యసభలో సెలవిచ్చారు. 2.17 లక్షల క్యూసెక్కులకు కట్టిన చోట 3.2 లక్షలు వస్తే మేమేం చేస్తామని రాష్ట్రం వరదను చూపించింది. ఇద్దరికీ పనికొచ్చే నిపుణుడు మా ఇంట్లోనే ఉన్నాడు. మా మేనల్లుడు.

బెంగళూరు బస్సు దిగి వచ్చేసరికి వాడి చొక్కా జేబు తడిసి ఉంది. ఏందిరా అంటే, "వేప్ మామా, ట్యాంకు కారతాంది" అన్నాడు. ఈ-సిగరెట్టు నిషేధించిన సరుకు గదరా అని నేను గద్దించేలోపే పేపరు పరిచి, దాన్ని విప్పి, మరమ్మతుకు కూర్చున్నాడు. ఆ ట్యాంకులో పట్టేది 2 మిల్లీలీటర్లు. అన్నమయ్యలో పట్టేది 2.24 టీఎంసీలు, అంటే ఆరు వేల కోట్ల లీటర్ల పైమాటే. సున్నాలు తీసేస్తే రెండూ ఒకటే గనుక, వాడి పాఠాన్ని జలవనరుల శాఖ వారికి సవినయంగా పంపుతున్నా.

"మొదట రబ్బరు రింగు చూడాల మామా. నెర్రెలిచ్చింటే మార్చాల. మరలన్నీ తిరుగుతాండాయో లేదో వారానికోసారి చూసుకోవాల." అయ్యా, గేట్లకూ రబ్బరు ఉంటుంది. గ్రీజు అనే పదార్థం కడప బజారులోనే దొరుకుతుంది.

"అంచుదాకా పోయగూడదు. పైన కొంచెం జాగా వదలాల." వానలొస్తున్నాయని తెలిసినప్పుడు వరదకు జాగా వదలడాన్ని ఇంజనీర్లు ఇంకేదో పెద్ద పేరుతో పిలుస్తారు. వాడికి ఆ పేరు తెలియదు. పని తెలుసు.

"కారేముందు గురగురమంటాది. అప్పుడే ఆపి విప్పాల." మనకూ గురగురమంది. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది.

"ఏం చేసినా నిలవకపోతే, పోయకుండా ఉండడమే." ఈ ఒక్క సూత్రాన్ని అప్పటి కర్నూలు జిల్లాలో వాడికంటే ముందే కనిపెట్టారు. అలగనూరు రిజర్వాయరు కట్ట కుంగింది, నీళ్లు నింపడం మానేశారు. చుక్క కారలేదు. శభాష్!

అన్నట్టు, ఆ 2 మిల్లీలీటర్లు జనం ఆరోగ్యానికి ముప్పని 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సు తెచ్చారు. డిసెంబరు 2న రాజ్యసభ బిల్లు పాస్ చేసింది. రెండున్నర నెలల్లో పని పూర్తి. అదే ఏడాది ఆగస్టు 2న లోక్‌సభ దాటిన ఆనకట్టల భద్రత బిల్లు మాత్రం రాజ్యసభ దాటింది 2021 డిసెంబరు 2న. రెండేళ్ల నాలుగు నెలలు. అది గడప దాటేలోపు నవంబరు 19 వచ్చిపోయింది.

ఆ రోజు కార్తీక పౌర్ణమి. దీపాలు పెట్టుకునే వేళకు అన్నమయ్య కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది. పులపత్తూరులో, మందపల్లిలో, తొగురుపేటలో మనుషులు కొట్టుకుపోయారు. ఇళ్లున్న చోట ఇసుక మేటలు మిగిలాయి. బతికినవాళ్లు తమ పునాది ఎక్కడుందో వెతుక్కుంటుంటే, ఢిల్లీ వాళ్లు ఇక్కడివాళ్లను, ఇక్కడివాళ్లు వరదను వేలెత్తి చూపించారు. సిగ్గుండాలి! వరద ఎంతొస్తుందో ఎవరూ చెప్పలేకపోవచ్చు. గేటు లేస్తుందో లేదో చెప్పడానికి వరద రానక్కర్లేదు.

ఆ గేటు అప్పటికి ఎన్నాళ్ల నుంచి లేవడం లేదు? బాగుచేయమని ఎవరు రాశారు? ఆ కాగితం ఎవరి బల్ల మీద ఆగింది? మాకు పరిహారంతో పాటు ఆ మూడు జవాబులూ కావాలి.