మూడు గీతలు యాడున్నయి?

గద్వాల దిక్కు 1990ల్లో కంప్యూటర్ కోర్సు చేసినవాళ్లను గుర్తుపట్టడం తేలిక. మానిటర్ కనబడగానే కాళ్లు వాటంతటవే చెప్పులు విడిచేస్తాయి. ఆ రోజుల్లో ఏసీ గదిలోకి చెప్పులతో రానిచ్చేవారు కాదు మరి. లోపల నల్లటి తెర, దాని మీద మిణుకు మిణుకుమనే చిన్న గీత. డీఐఆర్ అని కొడితే ఫైళ్ల పేర్లు బిరబిరా పైకి పాకిపోయేవి. ఒక్క అక్షరం తప్పినా ‘బ్యాడ్ కమాండ్ ఆర్ ఫైల్ నేమ్’ అని మొహం మీదే అనేసేది. వర్డ్‌స్టార్‌లో టైపు చేసింది దాచుకోవాలంటే కంట్రోల్ పట్టుకుని కె, ఆపైన ఎస్. ఇవన్నీ ఎక్కాల్లా వల్లించి సర్టిఫికెట్ చేతికి తెచ్చుకునేసరికి 1995 ఆగస్టు 24న విండోస్ 95 వచ్చిపడింది.

మౌస్ పాఠం మాత్రం అంతకు అయిదేళ్ల ముందే, విండోస్ 3.0లో సాలిటైర్ పేకాటగా మొదలైంది. పట్టి లాగడం, వదలడం నేర్పాలంటే అంతకన్నా మంచి వాచకం లేదు. ఆఫీసుల్లో కొందరు ఆ వాచకాన్ని రిటైరయ్యేదాకా వదల్లేదు.

తెర మీది బొమ్మల వల్ల జనం కంప్యూటరంటే జంకడం మానేశారు, నిజమే. పోయిందల్లా ఒక్కటే: నోటితో చెప్పే వీలు. ఎస్టీడీ బూత్‌లో మీటరు గిర్రున తిరుగుతున్నా “సి, డి, రెండు చుక్కలు, ఎంటర్” అని చెప్పి ఫోన్ పెట్టేసేవాళ్లు. రైలు రిజర్వేషన్ కౌంటర్లో గద్వాలంటే ఇప్పటికీ జీ, డబ్ల్యూ, డీ. బొమ్మను ఫోన్లో ఎట్లా చెప్పాలి?

గట్టులో, అప్పట్లో ఆ కోర్సు చేసిన చిన్నాయన పొలం రికార్డు చూసుకోవాలి. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ అన్న కొడుకు.

“పైన ఎడమపక్క మూడు గీతలుంటయి, నొక్కు చిన్నాయనా.”

“యాడున్నయిరా? ఈడ మూడు చుక్కలున్నయి.”

“చుక్కలు గాదు, గీతలు. అడ్డంగ.”

“దుక్కి సాళ్ల లెక్కనా?”

“ఆఁ, అవే.”

“నొక్కిన. కరెంటు బిల్లొచ్చింది.”

ఇంతకీ ఆ మూడు గీతలను గీసిన పుణ్యాత్ముడు నార్మ్ కాక్స్. 1981లో వచ్చిన జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం, జాబితాలా కనబడాలని గీశాడు. జాబితా సంగతేమోగానీ, దాన్ని వెతకడంలో గద్వాల నడిగడ్డ రైతుకు సగం పొద్దు పోతోంది. పోనీ కష్టపడి నేర్చుకుంటే నిలుస్తుందా అంటే అదీ లేదు. 2020 అక్టోబర్ 29న మొదలైన భూ రికార్డుల పోర్టల్ ధరణిలో ఏది ఎక్కడుందో చిన్నాయన డైరీలో రాసి పెట్టుకున్నాడు. 2025 ఏప్రిల్ 14న దాని చోట్లోకి భూభారతి వచ్చింది. డైరీలో కొత్త పేజీ తెరిచాడు. అదే డైరీలో మొదటి పేజీన ఉన్న డీఐఆర్, 1981 నాటి డాస్ మాట, ఈనాటి విండోస్‌లోనూ చక్కగా పలుకుతుంది. కాకపోతే దాంతో పాసుబుక్కు రాదు.

కొడుకు చివరికి తన తెర ఫొటో తీసి, నొక్కాల్సిన చోట ఎర్ర సున్నా చుట్టి వాట్సాప్‌లో పంపాడు. అయిదు నిమిషాలకు చిన్నాయన ఫోన్ చేశాడు.

“సున్నా మీద నొక్కినరా. ఫొటో పెద్దగయితుంది గానీ, తెరుచుకుంటలేదు.”