తాళం మనది, తాళంచెవి ఊరందరిదీ

కొండపల్లి బొమ్మల కాలనీలో ఒక కొట్టు ఆర్డర్ల నోటుపుస్తకం పక్కన పెట్టి వెబ్‌సైటు పెట్టిందనుకోండి. మర్నాడే బెజవాడ నుంచి ఓ సలహాదారుడు బైకు దిగుతాడు. నలుగురు పనిచేసే కొట్టుకి సొంత లాగిన్ సర్వరు ఉండి తీరాలంటాడు. "మన తాళాలు గూగుల్ చేతిలో పెడతామా బాబాయ్? మన డేటా మన దగ్గరే ఉండాలి!" మాట మాత్రం ముత్యం. బాబాయ్ మురిసిపోయి టీ తెప్పిస్తాడు.

ఆ టీ చల్లారేలోపే పనైపోతుంది. లాగిన్లు చూసుకునే కీక్లోక్ ఉచితం, దాన్ని కంటైనర్ అనే డబ్బాలో పెట్టి నడిపే డాకర్ ఉచితం, ఆ రెంటినీ కలిపే నాలుగు లైన్లు ఎవరో రాసిపెట్టినవి, అవీ ఉచితమే. బిల్లొక్కటే కాదు. యూజర్‌నేమ్ అడ్మిన్. పాస్‌వర్డూ అడ్మినే. గుర్తుండొద్దూ మరి!

సర్వరుని లేపిందేమో "స్టార్ట్-డెవ్" అన్న ఆదేశంతో. అది ప్రయోగాలకే, అసలు వాడకానికి వద్దని కీక్లోక్ వాళ్లే రాసిపెట్టారు. చదివే తీరికెవరికి? ఇక్కడి కళాకారులు తెల్ల పొణికి చెక్కలో తడి ఇగిరేదాకా ఆరబెట్టిగానీ ఉలి పెట్టరు. మన వీరుడు పచ్చి చెక్కకే రంగులేసి షోకేసులో నిలబెట్టాడు.

ఫైర్‌వాల్ ఉందిగా అని ధీమా ఒకటి. ఉబుంటులో యూఎఫ్‌డబ్ల్యూ 8080 పోర్టుని మూసేసిందట. డాకర్ బయటికి తెరిచిన పోర్టు ఆ నియమాల్ని ఖాతరు చెయ్యదని పాపం ఎవరూ చెప్పలేదు. డేటాని కంటైనర్ బయట వాల్యూమ్‌లో దాచాడా? లేదు. పాత కంటైనర్ తీసేసి కొత్తది పెట్టిన రోజున యూజర్లంతా మాయం. పోనీ, దాచాడే అనుకుందాం. పోస్ట్‌గ్రెస్ వెర్షన్ రాయాల్సిన చోట "లేటెస్ట్" అని రాసి చేతులు దులుపుకున్నాడు. కొత్త పెద్ద వెర్షన్ దిగిన పూట, పాత ఫైళ్లు నాకక్కర్లేదని డేటాబేసు మొండికేస్తుంది. ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా బాబాయ్".

అయినా కుర్రాణ్ణొక్కణ్ణే అనడం దేనికి? 2018 ఏప్రిల్‌లో మన రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటు 1.34 లక్షల మంది ఆధార్ నంబర్లని, కులం, బ్యాంకు వివరాలతో సహా బజార్న పెట్టింది. అక్కడ పాస్‌వర్డ్ మర్చిపోతామన్న బెంగే లేదు, అడిగితే కదా!

సొంత సర్వరు పెట్టుకోవద్దని ఎవరన్నారు? పెట్టుకోండి. డబ్బులిచ్చే ముందు మాత్రం బ్యాకప్ ఎక్కడుందో అడగండి. ఉందంటే, దాన్ని ఇంకో కంప్యూటర్లోకి ఎక్కించి, మీ కళ్లముందే లాగిన్ అయి చూపించమనండి. చూపించేదాకా పైసా ఇవ్వకండి.