కొండ లోపలి ఎర్ర ఇటుక

నేను ఎర్ర ఇటుకను. బట్టీలో కాలిన ఇటుకను కాదు, లెగో కంపెనీ ప్లాస్టిక్ ఇటుకను. పొడవు 31.8 మిల్లీమీటర్లు, వెడల్పు 15.8, ఎత్తు 9.6. నెత్తి మీద రెండు వరసల్లో ఎనిమిది బుడిపెలు, కడుపులో మూడు గొట్టాలు. ఇంతే నా ఆస్తి. నన్ను అందరూ పిల్లల బొమ్మ అంటారు. నన్ను బాగా ఎరిగినవాళ్లు మాత్రం ఇద్దరు పెద్దవాళ్లు. ఒకరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. రెండోవారు ఆయన తండ్రి, నెల్లూరు జిల్లా ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్లలో బతుకంతా ఇళ్లు కట్టిన తాపీ మేస్త్రి. వాళ్ల గురించి చెప్పాలని ఈ కథ మొదలుపెట్టాను. అయితే ముందు మా వంశం సంగతి చెప్పుకోవడం మర్యాద.

మా మూలపురుషుడు వడ్రంగి. పేరు ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్, ఊరు డెన్మార్కులోని బిల్లుండ్. ఇళ్ల కొయ్యపని చేసేవాడు. మాంద్యం దెబ్బకు ఆ పనులు ఆగిపోతే 1932లో కొయ్యబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. ఆయన గురించి మా ఇంట్లో అందరూ చెప్పుకునే సంగతి ఒకటుంది. కొడుకు గాట్‌ఫ్రెడ్ ఒకసారి కొయ్య బాతులకు మూడు పూతల వార్నిష్‌కు బదులు రెండు పూతలే వేసి, డబ్బు మిగిల్చానని సంబరంగా చెప్పాడట. తండ్రి ఆ బాతులన్నీ వెనక్కి తెప్పించి, మూడో పూత కొడుకు చేతనే వేయించాడు. 1942లో కార్ఖానా కాలిపోయింది, మళ్లీ కట్టుకున్నారు. యుద్ధం అయ్యాక ప్లాస్టిక్ పోతపోసే యంత్రం కొన్నారు. బుడిపెల ఇటుక ఆలోచన అంతకుముందే ఇంగ్లండులో హిలరీ ఫిషర్ పేజ్ అనే ఆయనకు వచ్చింది. ఆ రుణం మాకుంది, దాచుకోవలసిన పని లేదు. 1949లో మావాళ్లు చేసిన ఇటుకలు కడుపులో బోలుగా ఉండేవి. ఒకదాని మీద ఒకటి నిలిచేవి గానీ, పట్టు ఉండేది కాదు. 1958 జనవరి 28న పేటెంటు కోసం ఇచ్చిన నమూనాలో కడుపులోకి గొట్టాలు వచ్చాయి. కింది ఇటుక బుడిపెలు పై ఇటుక గొట్టాలకూ గోడలకూ మధ్య బిగుసుకుంటాయి. చేత్తో లాగితే వస్తాయి, లాగకుంటే కదలవు. ఆ నమూనా మారలేదు కాబట్టే 1958 నాటి ఇటుక దొరికితే ఈరోజుకూ నా మీద కూర్చుంటుంది. ఓలె కిర్క్ ఆ ఏడాది మార్చిలోనే పోయాడు. 1960లో కొయ్యబొమ్మల గోదాము కాలిపోయాక గాట్‌ఫ్రెడ్ కొయ్యపని మానేసి మమ్మల్నే నమ్ముకున్నాడు.

నేను పుట్టింది మెక్సికోలోని మాంటెరేలో. ఏబీఎస్ అనే ప్లాస్టిక్ గుళికలను 230 డిగ్రీల దాకా కరిగించి, ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో కొట్టి, చల్లార్చి బయటికి తోస్తారు. అచ్చుల్లో తేడా మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో ఉంటుంది. అంతకు మించితే పట్టు పోతుంది, లేదా పిల్లల వేళ్లకు ఊడిరానంత బిగుస్తుంది. అక్కణ్నుంచి టెక్సస్‌లో ఒక తెలుగువాళ్ల ఇంటికి, పిల్లవాడి పుట్టినరోజు కానుకగా వెళ్లాను. పిల్లవాడు పెద్దవాడయ్యాడు. వాళ్లమ్మ సెలవులకు ఆత్మకూరులో పుట్టింటికి వచ్చేటప్పుడు మా డబ్బాను సూట్‌కేసులో పెట్టుకొచ్చింది, చుట్టాల పిల్లలకు పంచుదామని. కొన్ని ముక్కలు పంచింది. మిగిలినవాళ్లం గోతంలో అటకెక్కాం.

2020లో కరోనా వచ్చింది. ఆమె తమ్ముడు, నేను మొదట చెప్పిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగుళూరు నుంచి లాప్‌టాప్ పట్టుకుని ఇల్లు చేరాడు. అమెరికా వేళలకు పని కాబట్టి రాత్రంతా మేలుకునేవాడు. ఏదో వెతకబోయి అటక మీది గోతం దించాడు. నన్ను అరచేతిలో పెట్టుకుని ఇంకో ఇటుక నామీద నొక్కాడు. ‘టక్’మంది. ఆ చప్పుడు ఆయన్ను పట్టేసిందని నాకు ఆ క్షణానే తెలిసింది.

తర్వాత కొన్నాళ్లు ఏరుకోవడంతోనే సరిపోయింది. కొత్తగా ఈ పనిలో దిగేవాళ్లందరూ మమ్మల్ని రంగుల వారీగా ఏరతారు. అది తప్పుదారి. కుప్పలో ఎరుపంతా ఒకచోట పోస్తే, ఆ ఎరుపులో చిన్న ముక్క వెతకడానికి కళ్లు కాయలు కాస్తాయి. ఆకారం వారీగా ఏరితే రంగు దానంతటదే కంటపడుతుంది. ఈ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు, చేతులే నేర్పాయి. అట్టపెట్టెలు, హార్లిక్స్ సీసాలు, పచ్చళ్ల డబ్బాలు ఒక్కొక్కటే మేడగదిలోకి వచ్చి చేరాయి.

ఆయన ఉద్యోగం గురించి నాకు తెలిసింది ఒక్కటే. ఆ పని ఎప్పటికీ అవదు. ఈ నెల రాసింది వచ్చే నెల మారుతుంది, ఆపై నెల తీసేస్తారు. రాసిన మనిషి అది చేత్తో తాకలేడు, అమ్మకు చూపించలేడు. నాలుగు గోడలు లేపి, పైకప్పు పెట్టి, బల్ల మీద నిలబెట్టి వెనక్కి జరిగి చూసుకున్నప్పుడు ఆయన ముఖంలో కనిపించిన తృప్తి నేను మరిచిపోలేను. చేతికి పని, కంటికి ఫలితం. ఈ రెండూ చిన్నపిల్లలకంటే నలభైల్లో ఉన్న మనిషికే ఎక్కువ కరువు. పిల్లలకు దినమంతా ఏదో ఒకటి దొరుకుతుంది, ఇసుకో బురదో అగ్గిపెట్టో.

కానీ ఆయన సిగ్గుపడేవాడు. గేటు చప్పుడైతే చాలు, మమ్మల్ని మంచం కిందికి నెట్టేవాడు. ఒకరోజు వాళ్లమ్మ కాఫీ తెచ్చి చూసేసింది.

“నలభై ఏండ్లొస్తుండాయి, బొమ్మలాటేందిరా నాయనా? ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారు?” అంది.

ఆయన సమాధానం చెప్పలేదు. నాకు నోరుంటే అడిగేదాన్ని: అమ్మా, దసరాకు మెట్లు కట్టి, బొమ్మలు పేర్చి, మట్టి పోసి మొలకలేసి, ఊరిని ఊరుగా నిలబెడతావే, అదేమిటి? మన ఆడవాళ్లు తరతరాలుగా బొమ్మల కొలువు పేరున ఆడుకుంటూనే ఉన్నారు. పండగ అన్న పేరుంది కాబట్టి ఎవరూ వయసు అడగలేదు.

సిగ్గు పోగొట్టింది తండ్రి. మోకాళ్లు అరిగి పరంజా ఎక్కడం మానేశాక ఆయన ఎక్కువగా వసారాలో కుర్చీలోనే ఉండేవాడు. ఒక సాయంత్రం మెల్లగా మేడెక్కి వచ్చి కొడుకు కడుతున్న గోడ ముందు కూర్చున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గోడ మీద బొటనవేలితో పైనుంచి కిందికి ఒక గీత గీశాడు.

“జాయింటు మీద జాయింటు పెట్టావేందిరా? ఇది గోడ కాదు, పక్కపక్కన నిలబెట్టిన కంబాలు. తట్టితే చీలిపోద్ది.”

కొడుకు తట్టి చూశాడు. నిజంగానే గోడ నిలువునా చీలింది.

“మూలకాడ సగం ముక్క పెట్టుకో. ఆడ్నించి వరస ఎత్తుకుంటే, కింది జాయింటు మీదికి పై ఇటుక నడుము వస్తాది. సిమెంటు ఇటుకైనా అంతే, ఇదైనా అంతే.”

నా సగం కొలత ముక్క, నాలుగు బుడిపెలది, ఒకటి ఏరి ఆయనే మూలన పెట్టాడు. దాని పక్కన నన్ను పెట్టాడు. సున్నమూ సిమెంటూ తిని గరుకుబారిన వేళ్లు అవి. ఒక్కొక్క ఇటుకనూ పెట్టే ముందు తిప్పి చూసి, అంచు తడిమి, అప్పుడే నొక్కేవాడు. గోడ అయ్యాక అలవాటు కొద్దీ ఒక కన్ను మూసి దాని వెంట చూశాడు. వంక లేదు. “తూకం గుండు పనే లేదే దీనికి!” అన్నాడు. ఎన్నాళ్లకో ఆయన నవ్వడం విని వాళ్లమ్మ కూడా మెట్ల దాకా వచ్చింది.

ఆ రోజు నుంచి మేస్త్రీ రోజూ మేడెక్కాడు. ఉదయగిరి దుర్గం కడదామన్నది ఆయన మాటే. చిన్నప్పుడు ఆ కొండ మీదికి కట్టెలకు వెళ్లినవాడు.

బస్సెక్కి ఉదయగిరి వెళ్లారు. కొలత కోసం నన్ను జేబులో వేసుకున్నారు. రాతిగోడ మీద నన్ను నిలబెట్టి ఫోటోలు తీశారు, ఏ రాయి ఎంతుందో తర్వాత లెక్క కట్టుకోవడానికి. ఆ గోడ మీద నిలబడినప్పుడు నేనెంత కొత్తదాన్నో తెలిసింది. 1513లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను ముట్టడించి, 1514లో గానీ పట్టుకోలేకపోయాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి, దానికి పెద్ద గుడి కట్టించాడు. ఇప్పుడు ఆ విగ్రహం చెన్నై మ్యూజియంలో ఉంది. ఈ దుర్గంలో మొత్తం పదమూడు కోటలుండేవని, ఎనిమిది కొండ మీద, ఐదు కింద అని పాత గెజిటీరు చెబుతుంది. అన్నీ కట్టే ముక్కలు మా దగ్గర లేవు. పైన మసీదు, దాని చుట్టూ గోడ, దిగువకు దారి, కింద ఒక బురుజు అని తండ్రీకొడుకులు అక్కడే తేల్చుకున్నారు.

దిగివచ్చాక కొయ్య చెంచాలు చేసే ఇంటికి వెళ్లారు. ఉదయగిరి చెంచాలు, గరిటెలు భౌగోళిక గుర్తింపు పొందిన సరుకు. నర్ది, బిక్కి, దేవదారి కొయ్యలు కొండ అడవి నుంచే వస్తాయి. అక్కడ పనిచేస్తున్న ఒకామె నన్ను తీసుకుని అంచులు తడిమి, “ఆకురాయి పట్టకుండానే ఇంత నున్నంగా వచ్చిందా?” అంది. అచ్చులో పోసిందని చెబితే, “అయితే అచ్చు చేసినోడిది పనితనం” అంది. వడ్రంగి ఇంట పుట్టిన వంశం మాది. కొయ్యను ఎరిగిన చేతి నుంచి ఆ మాట రావడం నాకు పెద్ద బిరుదు.

ఇక కట్టడం. మా ఒక వరస ఎత్తుకు నిజం కోటలో ఒక మనిషి నిలువు అని లెక్క పెట్టుకున్నారు. అదే లెక్కన కొండనూ కడితే ఇంటి కప్పు దాటిపోతుంది. అందుకని కోటను కొలతకు కట్టి, కొండను కుదించారు. అసలు చిక్కు వాలు దగ్గర వచ్చింది. కోటగోడ కొండ వాలు వెంట దిగుతుంది, మేమేమో అడ్డంగా తప్ప కూర్చోం. నా ఎత్తులో మూడో వంతు ఉండే పలక ముక్కలుంటాయి. “మెట్లు మెట్లుగా దింపరా, ఒక్కో పలక తగ్గించుకుంటూ పో” అన్నాడు మేస్త్రీ. దూరం నుంచి చూస్తే నిజంగా వాలినట్టే వచ్చింది. బూడిద రంగు ముక్కలు చాలక కొడుకు విడి ముక్కలు అమ్మేవాళ్ల దగ్గర కొనుక్కొచ్చాడు. ఎరుపు, పసుపు, నీలం ముక్కలం రాతికొండకు పైన పనికిరాం కాబట్టి లోపల స్తంభాలమయ్యాం. మసీదు సరిగ్గా నా స్తంభం మీద నిలిచింది. నేను ఎవరికీ కనపడను. నన్ను లాగితే మాత్రం మసీదు వాలుతుంది. అందుకు నాకు గర్వంగా ఉంది.

ఆ తర్వాత మంచం కిందికి నెట్టడం లేదు. చుట్టాలొస్తే మేస్త్రీయే మేడ మీదికి తీసుకొచ్చి చూపిస్తాడు. జాయింట్ల సంగతి, వాలు సంగతి విడమరిచి చెబుతాడు. కింది బురుజు తనొక్కడే కట్టానని రెండుసార్లు చెబుతాడు. వాళ్లమ్మ ఈ దసరాకు కొలువులో గాలిగోపురం కావాలని అడిగింది.

మావల్ల ఎన్ని రూపాలొస్తాయని కొడుకు ఒకసారి తండ్రికి చెప్పాడు. నాలాంటివి రెండుంటే 24 రకాలుగా కలపొచ్చు, మూడుంటే 1,060. ఆరుంటే 91,51,03,765. ఈ ఆఖరి లెక్క కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పే సోరెన్ ఐలర్స్ కంప్యూటరుతో తేల్చింది. అంతకుముందు చాలాకాలం చెలామణిలో ఉన్న పది కోట్ల పైచిలుకు లెక్కలో, ఆరు ఇటుకలూ ఆరంతస్తులుగా నిలిచే రూపాలే ఉన్నాయని ఆయన చూపించాడు. మేస్త్రీ కాసేపు ఆలోచించి, “మనకు కావాల్సింది ఒకటేగా, దాన్ని గట్టిగా కట్టుకుందాం” అన్నాడు.

ప్రపంచంలో ఇలాంటి పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. న్యూయార్కులో నేథన్ సవాయా అనే లాయరు పని ముగించుకుని వచ్చి రాత్రుళ్లు మాతో బొమ్మలు కట్టేవాడు. 2004లో లాయరు ఉద్యోగం వదిలేసి శిల్పిగా మారాడు. 2008లో కంపెనీ మన తాజ్‌మహల్‌ను 5,922 ముక్కల్లో విడుదల చేస్తే కొన్నవాళ్లలో పెద్దలూ ఉన్నారు. 2020 నుంచి పద్దెనిమిదేళ్లు దాటినవాళ్ల కోసమని రాసిన నల్లపెట్టెలే వేరుగా వస్తున్నాయి. అయినా పెట్టె మీద ఎవరో రాసి అనుమతి ఇవ్వాలా? ఆడుకోవడానికి వయసు అడ్డమనడం తప్పు. రిటైరైన తండ్రినీ, అలసిన కొడుకునూ ఒకే బల్ల ముందు కూర్చోబెట్టింది ఆ ఆటే. నలభైల్లో ఉన్నవాడికి, డెబ్బైల్లో ఉన్నవాడికి అది మందులాంటి అవసరమని నేను గట్టిగా చెబుతాను.

మీ ఇంట్లో కూడా అటక మీద ఇలాంటి డబ్బా ఒకటి ఉండే ఉంటుంది. పిల్లలు పెద్దవాళ్లయిపోయారని ఎవరికో ఇచ్చేయకండి. దించండి. సబ్బు వేసిన గోరువెచ్చని నీళ్లలో కడగండి, మరిగే నీళ్లు పోస్తే ముక్కలు వంకరపోవచ్చు. ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టండి. ఆరాక చాప పరిచి, మీ నాన్నగారినో అమ్మగారినో పిలిచి, పక్కన కూర్చోబెట్టుకోండి.