అటెండెన్సుకు జోహారు

మన ఇంజనీరింగ్ కాలేజీల్లో పిల్లల్ని అనుక్షణం కనిపెట్టుకుని ఉండేదెవరని అడిగితే నేను అటెండెన్స్ రిజిస్టరు పేరే చెబుతాను. ప్రిన్సిపాల్ గారికి అన్ని వందల ముఖాలు గుర్తుండవు. వార్డెన్ రాత్రి తలలు లెక్కపెట్టుకుని తలుపేసుకుంటాడు. రూమ్మేట్ తన సప్లీల గొడవలో తానుంటుంది. రిజిస్టరు మాత్రం పొద్దున మొదటి పీరియడ్ నుంచి సాయంత్రం ప్లేస్‌మెంట్లకు తయారుచేసే సీఆర్టీ క్లాసు దాకా ఒక్కొక్కరినీ విడిగా అడుగుతుంది, వచ్చావా అని. ఇప్పుడది చాలాచోట్ల యాప్‌లోకీ వేలిముద్రలోకీ మారింది గానీ ఆ శ్రద్ధ మాత్రం తగ్గలేదు.

దాని చూపు ఎంత నిశితమో ఒక్క సెమిస్టరు పేజీలు తిరగేస్తే తెలుస్తుంది. హాస్టల్లో ఉండే సెకండియర్ అమ్మాయి వరుస చూడండి. క్లాసులు మొదలైన నెలలో గడులన్నీ నిండుగా ఉంటాయి. రెండో నెలలో మొదటి పీరియడ్ ఖాళీ. పిల్ల లేచేసరికి ఆలస్యమవుతోంది, మెస్‌లో టిఫిన్ కూడా అయిపోతోంది. మొదటి మిడ్ పరీక్ష అయ్యాక సోమవారాలు పోతాయి. దసరాకు ఊరెళ్లిన మనిషి కాలేజీ తెరిచిన రోజున రాదు. ఆ తర్వాత ల్యాబులకు మాత్రమే వస్తుంది, ల్యాబ్ పోతే మళ్లీ చేయించరు కనుక. చివరికి ల్యాబులు కూడా పోతాయి. నిలబడిన మనిషి కొద్దికొద్దిగా కుంగిపోవడం తేదీలతో సహా అక్కడ రాసి ఉంటుంది. ఏ డాక్టరూ ఇంత వివరంగా కేస్ షీట్ రాయడు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను వ్యాధి అనలేదు, ఉద్యోగంలో ఎడతెగని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అంది. మూడు లక్షణాలు చెప్పింది: సత్తువంతా అయిపోవడం, చేసే పని మీద విరక్తి, ఎంత చేసినా చేతకావడం లేదన్న భావం. చదువుకునే వాళ్లలోనూ ఈ మూడింటినీ కొలవడానికి డచ్ మనస్తత్వవేత్త షౌఫెలీ బృందం అంతకుముందే, 2002లో, ఒక ప్రశ్నావళిని సిద్ధం చేసింది. మన కాలేజీలకు ఆ ప్రశ్నావళి అక్కర్లేదు. అలసట అటెండెన్సులో ఉంది. విరక్తి ల్యాబ్ రికార్డులో ఉంది, పక్క అమ్మాయి రీడింగులు తప్పులతో సహా దించేసిన పేజీల్లో. మూడోది మిడ్ పేపర్లలో ఉంది. మొదటి మిడ్‌లో అడిషనల్ షీటు అడిగిన పిల్ల, రెండో మిడ్‌లో పేరూ నంబరూ రాసి అరగంటకే ఇచ్చేసి వెళ్లిపోతుంది. ఈ మూడూ ఒకే స్టాఫ్‌రూమ్‌లో, ఒకే బీరువాలో పదిలంగా ఉంటాయి. ఆ పదిలానికి జోహారు.

తెలిసిన సంగతిని దాచుకోకపోవడం రిజిస్టరుకున్న ఇంకో సుగుణం. పిల్ల రాలేదని పదిన్నరకల్లా తండ్రి ఫోన్‌కు మెసేజ్ వెళుతుంది. అంబులెన్స్‌కైనా అంత వేగం ఉండదు. ఆయన ఎరువుల కొట్టు ముందు లైన్లో నిలబడి ఉంటాడు. అక్కడి నుంచే ఫోన్ చేస్తాడు.

"ఏమ్మా, కాలేజీకి పోలేదంట?"

"బాలేదు నాన్నా."

"జొరమా?"

"కాదు."

"మరేంది?"

ఆ ప్రశ్నకు జవాబు ఆ పిల్ల దగ్గర లేదు. మెసేజ్‌లోనూ లేదు. కాలేజీ ఫీజు, హాస్టల్ ఫీజు గుర్తుచేసి, బాగా చదువుకోమని చెప్పి ఆయన ఫోన్ పెట్టేస్తాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆయనకు అందిన సమాచారం అంతే. అదే మెసేజ్ కౌన్సెలర్‌కూ వెళ్లేలా ఏర్పాటు చేయడం ఎవరికీ తోచలేదు.

ఇక లెక్కల్లో ఖచ్చితత్వం. జేఎన్టీయూ హైదరాబాద్ నిబంధనల ప్రకారం సెమిస్టరులో 75 శాతం హాజరుండాలి. 65కూ 75కూ మధ్యలో ఉంటే తగిన కారణం చూపించి, కండోనేషన్ ఫీజు కట్టాలి. 65 కన్నా తగ్గితే డిటెయిన్, సెమిస్టరంతా మళ్లీ చదవాలి. 64.9 వచ్చిన పిల్లకు పాయింట్ ఒకటి కూడా వదలని నిజాయితీ అది. కండోనేషన్‌కు చూపే కారణం కూడా కాగితం మీద ఉండాలంటారు. మంచం మీంచి లేవలేకపోయాను, ఎందుకో నాకే తెలియదు అని రాస్తే చెల్లదు కాబట్టి ఊళ్లో డాక్టరు దగ్గర టైఫాయిడ్ అని సర్టిఫికెట్ తెచ్చుకుంటారు. ఏటా సెమిస్టరు చివర మన కాలేజీల్లో ఇంతమందికి టైఫాయిడ్ రావడం చూసి ఎవరూ నీళ్ల ట్యాంకు పరీక్ష చేయించరు. అది టైఫాయిడ్ కాదని ఆఫీసులో అందరికీ తెలుసు. తెలిసీ స్టాంపు వేసేంత మంచితనం వాళ్లది. వైద్యం అందించడంలో మానసిక అనారోగ్యాన్నీ శారీరక అనారోగ్యాన్నీ సమానంగా చూడాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. మన దగ్గర మాత్రం ఆ పిల్ల తన బాధకు జ్వరం పేరు పెట్టుకుంటేనే ఆఫీసు మెట్లెక్కగలుగుతోంది.

మెంటరింగ్ పుస్తకాలను పొగడకపోతే అన్యాయం. ఇరవై మందికో మెంటర్, ఒక్కొక్కరికో పేజీ. కాలేజీలకు గుర్తింపునిచ్చే నాక్ తనిఖీకి ముందు రాత్రి లెక్చరర్లు కూర్చుని, మూడేళ్ల పేజీలన్నీ ఒక్క పెన్నుతో పూర్తిచేస్తారు. రిమార్కుల గడిలో 'రెగ్యులర్‌గా రమ్మని చెప్పాను' అనే మాట పై నుంచి కింద దాకా ఒకే వరుసలో ఉంటుంది. ఆ లెక్చరర్లూ అలసిన వాళ్లే, వాళ్ల జీతమే నెలల తరబడి ఆగిపోయిన కాలేజీలు నాకు తెలుసు.

అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు, ఆడిటోరియంలో ఒత్తిడి తగ్గించుకోవడం మీద ఉపన్యాసం. శ్వాస ఎలా తీసుకోవాలో చెబుతారు, అది మంచిదే. హాజరు తప్పనిసరి, జియోట్యాగ్ ఫొటో తప్పనిసరి. ఆ గంట క్లాసును శనివారం పెట్టి పూర్తిచేయించే క్రమశిక్షణ కూడా ఉంది. టైంటేబుల్లోంచి ఒక్క పీరియడ్ కూడా పోదు.

2025 జులైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌కు వచ్చిన ఒక విద్యార్థిని మరణం కేసులో, దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులుంటే అర్హతగల కౌన్సెలర్ ఒకరైనా ఉండాలంది. హెల్ప్‌లైన్ నంబర్లు అందరికీ కనపడేలా రాయాలంది. వాటిలో ఒకటైన టెలీ మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. నాకు తెలిసిన ఒక కాలేజీలో ఆ నంబర్ల బోర్డు చక్కగా పెట్టారు. కౌన్సెలర్ బాధ్యత మాత్రం మ్యాథ్స్ సార్‌కు అప్పగించారు. ఎమ్-త్రీ పాఠం చెబుతూ, పరీక్షల విభాగం చూసుకుంటూ, కన్నీళ్లు కూడా ఆయనే చూసుకోవాలి. చూసుకుంటున్నాడు కూడా, వచ్చిన పిల్లను కూర్చోబెట్టి టీ ఇప్పించి మాట్లాడతాడు. ఆయనకు మనస్ఫూర్తిగా నమస్కారం. చదువుకున్న కౌన్సెలర్‌కు ఇవ్వాల్సిన జీతం మిగుల్చుకున్న యాజమాన్యానికి వాళ్ల పొదుపుకు తగిన నమస్కారం.

రేపు ఎవరైనా నిజమైన కౌన్సెలర్‌ను తెచ్చి కూర్చోబెడితే, ఎవరితో మొదలుపెట్టాలి అని సర్వే చేయించనక్కర్లేదు. కండోనేషన్ ఫీజు కట్టిన వాళ్ల జాబితా అకౌంట్స్ సెక్షన్లో ఉంది, పేరుతో, బ్రాంచితో, సెమిస్టరుతో, రసీదు నంబరుతో. డిటెయిన్ అయిన వాళ్ల జాబితా నోటీసు బోర్డు మీదే ఉంది. సోమవారం పొద్దున ఆ రెండూ తీసుకుని, మొదటి పేరు దగ్గర నుంచి పిలవడం మొదలుపెట్టవచ్చు.